రంగం రేవుకు గొళ్ళెం

కోరంగి నుంచి రంగం దాకా: ధారావాహిక, ఏడో భాగం

1930 మే 26, సోమవారం పొద్దున. రంగూన్ రేవులో రెండు జట్లు ఎదురుపడ్డాయి. మొదటిది తెలుగు కళాసీల జట్టు. మే నెల మొదట్లో కూలి పెంచమని పని మానేసి, చివరికి రాజీ కుదిరి, ఓడల మీదికి తిరిగి వస్తున్నవాళ్ళు. రెండోది బర్మా కూలీల జట్టు. సమ్మె రోజుల్లో కంపెనీల పిలుపు మీద వచ్చి సరుకు ఎత్తిందీ దించిందీ వాళ్ళే. సమ్మె ముగిసింది, ఇక మీరు రానక్కర్లేదు అన్న మాట వాళ్ళ చెవిన వేసినవాళ్ళు లేరు. పని ఉందనుకుని వచ్చారు. తమ చోట్లో పాతవాళ్ళు నిలబడి ఉండటం చూశారు.

తెలుగువాళ్ళు అడిగింది గొంతెమ్మ కోరికేమీ కాదు. రోజుకు రూపాయిన్నర ఉన్న కూలిని రెండు రూపాయలు చెయ్యమన్నారు. దక్కింది రూపాయి పన్నెండు అణాలు. ఆ పావలా పెంపు ఇచ్చి పాతవాళ్ళను వెనక్కి పిలుచుకున్న, ఓడల సరుకు ఎత్తి దింపించే స్టీవడోర్ కంపెనీల దొరలు, సమ్మెను విరగ్గొట్టడానికి వాడుకున్న బర్మా మనుషుల్ని అదే రోజు ఉత్త చేతులతో పంపేశారు. అన్నం మూటలు తెచ్చిన తెలుగు ఆడవాళ్ళు వాళ్ళను చూసి నవ్వారని, అక్కడే మాటామాటా పెరిగిందని అప్పటి రంగూన్ జిల్లా మేజిస్ట్రేటు మారిస్ కాలిస్ తన పుస్తకం 'ట్రయల్స్ ఇన్ బర్మా'లో రాశాడు. నవ్వు నిజమే కావచ్చు. కానీ నవ్వు మీదికి నెపం నెట్టి ఊరుకునే కథ కాదిది.

రేవులో మొదలైన కొట్లాట గంటల్లో ఊళ్ళోకి పాకింది. కత్తులూ కర్రలూ పట్టుకున్న గుంపులు తెలుగు కూలీలు కాపురముండే బ్యారకుల మీద పడ్డాయి. నాలుగైదు రోజులు నగరం స్తంభించింది. రిక్షా లాగేవాళ్ళు లేరు, పాకీపని చేసేవాళ్ళు లేరు, ఓడ దించేవాళ్ళు లేరు. ఆ పనులన్నీ చేసేది మనవాళ్ళే కనుక ఊరు ఎవరి భుజాల మీద నడుస్తోందో ఆ నాలుగు రోజుల్లో అందరికీ తెలిసొచ్చింది. వేలమంది పిల్లాపాపలతో పారిపోయి పిచ్చాసుపత్రి ఆవరణలో తలదాచుకున్నారు. అధికారిక లెక్కల్లో చనిపోయినవాళ్ళు 120 మంది దాకా, గాయపడినవాళ్ళు 900 మంది దాకా తేలారు. చనిపోయినవాళ్ళలో అత్యధికులు తెలుగు కూలీలు. దొరికిన ఓడనల్లా పట్టుకుని కాకినాడకూ విశాఖకూ తిరుగు ప్రయాణమైనవాళ్ళు వేలల్లో ఉన్నారు.

ఈ ధారావాహికలో ఇంతవరకూ రంగం, అంటే రంగూన్, వెళ్ళినవాళ్ళ కథ చెప్పుకుంటూ వచ్చాం. ఈ వారం వాళ్ళను రానివ్వకూడదన్నవాళ్ళ కథ. మొదటి దాన్ని మనం ఇష్టంగా చెప్పుకుంటాం. రెండోది కూడా అంతే ఓపికగా వినాలి. అది వినకపోతే మొదటిది సగమే అర్థమవుతుంది.

ముందు ఒక తేదీ గుర్తు చేసుకోవాలి. ధవళేశ్వరం ఆనకట్ట పని 1847లో మొదలై 1852లో ముగిసింది. సరిగ్గా ఆ 1852లోనే ఇంగ్లీషువాళ్ళు రెండో బర్మా యుద్ధం చేసి రంగూన్‌నూ పెగూ ప్రాంతాన్నీ కలిపేసుకున్నారు. ఒకే ఏడాదిలో ఒకే ప్రభుత్వం చేతుల్లో రెండు డెల్టాల రాత మారింది. గోదావరి డెల్టాకు కాలవ నీళ్ళు వచ్చాయి. ఐరావతి డెల్టాలో నీళ్ళు బోలెడు, అడవి నరికి దున్నే మనుషులే తక్కువ. 1869లో సూయజ్ కాలవ తెరిచాక బర్మా బియ్యం యూరప్‌కు పోటెత్తింది. కొత్త పొలాలకు, కొత్త మిల్లులకు, కొత్త రేవుకు చేతులు కావాల్సి వచ్చాయి.

పచ్చటి గోదావరి డెల్టా నుంచి మనుషులెందుకు వెళ్ళారు అని చాలామంది అడుగుతారు. కాలవ నీళ్ళు భూమి ఉన్నవాడి పొలంలోకి పారాయి. భూమి లేని మాల, మాదిగ, పల్లెకారు కుటుంబాల వాకిట్లోకి రాలేదు. పాలేరుతనం పాలేరుతనంగానే ఉండిపోయింది. ఏడాదికింత ధాన్యం కొలిపించుకుని ఒకే కామందు ఇంటి చుట్టూ బతుకంతా తిరిగే మనిషికి, రోజుకూలి రొక్కంగా చేతిలో పెట్టే ఊరు ఒకటి సముద్రానికి అవతల ఉందని తెలిస్తే వెళ్ళకుండా ఉంటాడా? గోదావరి, విశాఖపట్నం, గంజాం జిల్లాల నుంచి లక్షల ప్రయాణాలు అలా సాగాయి. ఈ రాకపోకల మీద చరిత్రకారుడు అడపా సత్యనారాయణ చేసిన పరిశోధన తప్పక చదవాల్సింది. వీళ్ళు వలస పక్షుల్లా వెళ్ళి, మూడు నాలుగేళ్ళు ఉండి, తిరిగొచ్చి, మళ్ళీ వెళ్ళినవాళ్ళని ఆయన చూపిస్తారు.

వెళ్ళారు అనడం కన్నా రప్పించుకున్నారు అనడం న్యాయం. 1870లలో బర్మా ప్రభుత్వమే సొంత ఖర్చుతో కూలీలను రప్పించే పథకం పెట్టింది. అది అంతగా సాగలేదు. తర్వాత ఓడ కంపెనీలకు రాయితీలిచ్చి టిక్కెట్టు ధర తగ్గించింది. బ్రిటిష్ ఇండియా స్టీమ్ నావిగేషన్ కంపెనీ ఓడలు కాకినాడ, విశాఖ, భీమునిపట్నం, కళింగపట్నం, బారువల దగ్గర ఆగి డెక్కు నిండా జనాన్ని ఎక్కించుకునేవి. కాకినాడలో ఓడ ఒడ్డుకు రాలేకపోయేది కనుక మైళ్ళ దూరం పడవల్లో వెళ్ళి ఎక్కాలి. మేస్త్రీ ఊళ్ళోనే బయానా ఇచ్చేవాడు, టిక్కెట్టు కొనేవాడు, రంగంలో పని చూపించేవాడు. ఆ అప్పు తీరేదాకా కూలిలో కోత పడేది. కంపెనీ ఇచ్చే కూలికీ కళాసీ చేతికొచ్చే కూలికీ మధ్య మేస్త్రీల నిచ్చెన ఒకటుండేది, ప్రతి మెట్టు దగ్గరా కొంత రాలిపోయేది. రంగూన్‌లో వలసదారుల సహాయ సంరక్షకుడిగా పనిచేసిన ఆండ్రూ 1933లో తెచ్చిన పుస్తకంలో ఈ సంగతులన్నీ విడమర్చి రాశాడు.

ఇక్కడ చట్టం సంగతి ఒకటి చెప్పాలి, ఈ కథకు ఇదే కీలకం. సిలోన్‌కో మలయాకో కూలీగా వెళ్తే 1922 నాటి భారత వలస చట్టం వర్తించేది. ఏ షరతుల మీద పంపాలో ప్రభుత్వం నిర్ణయించేది, లెక్కలుండేవి, అజమాయిషీ ఉండేది. బర్మాకు వెళ్తే ఆ చట్టం వర్తించదు. ఎందుకంటే బర్మా అప్పుడు ఇండియాలో ఒక రాష్ట్రం. కాకినాడ నుంచి రంగూన్ వెళ్ళడమూ కాకినాడ నుంచి మద్రాసు వెళ్ళడమూ చట్టం దృష్టిలో ఒకటే. పాస్‌పోర్టు లేదు, అనుమతి లేదు, పరిమితి లేదు. రక్షణా లేదు. సరిహద్దు లేకపోవడం కూలీకి స్వేచ్ఛ అనుకుంటే పొరపాటు. అది మిల్లు యజమానికీ ఓడ కంపెనీకీ స్వేచ్ఛ. ఎంతమందినైనా దింపుకోవచ్చు, పని లేనప్పుడు వదిలేయొచ్చు, ఎవరూ లెక్క అడగరు.

ఆ లెక్క ఎంత పెరిగిందో చూడండి. 1920ల చివర్లో ఏటా మూడు లక్షలకు మించి జనం రంగూన్ రేవులో దిగేవారు. 1931 జనాభా లెక్కల నాటికి బర్మాలో భారతీయులు 10,17,825 మంది, దేశ జనాభాలో ఏడు శాతం. ఏడు శాతమే కదా అనిపిస్తుంది. కానీ రాజధాని రంగూన్‌లో ఉన్న నాలుగు లక్షల మందిలో సగానికి పైగా భారతీయులే. సొంత రాజధానిలో బర్మావాడు అల్పసంఖ్యాకుడు. రేవులో తన భాష వినపడదు, పోస్టాఫీసులో వినపడదు, కోర్టులో సరేసరి. ఈ బాధ కల్పితం కాదు. మన విజయవాడలోనో రాజమండ్రిలోనో ఇలా జరిగి ఉంటే మనం ఊరుకునేవాళ్ళమా అని ప్రతి తెలుగు పాఠకుడూ నిజాయితీగా తనను తాను అడగాలి.

ఆ బాధ చట్టసభలోకి ఎక్కింది 1925లో. బర్మా శాసనమండలిలో ఆ ఏడాది రెండు ప్రతిపాదనలు నెగ్గాయి. ఒకటి, బయటివాళ్ళు నేరం చేస్తే రాష్ట్రం నుంచి వెళ్ళగొట్టే చట్టం. రెండోది, సముద్రం మీద నుంచి వచ్చే ప్రయాణికుడి దగ్గర తలకు అయిదు రూపాయలు పన్ను వసూలు చేసే బిల్లు. పన్ను బిల్లు పైవాళ్ళ ఆమోదానికి నోచుకోక అమలు కాలేదు. ఒకే సామ్రాజ్యంలో, ఒకే దేశంలో ఒక రాష్ట్రం మరో రాష్ట్రపు పౌరుణ్ణి బహిష్కరించే చట్టం చేసుకుంది. ఈ రోజుల్లో అమెరికాలో, యూరప్‌లో, మన దేశంలోని ఈశాన్య రాష్ట్రాల్లో నేరస్తులైన విదేశీయులను ముందు పంపించేయాలి అనే నినాదం వింటాం. దాని వెనకున్న తర్కమంతా 1925లో రంగూన్‌లో చర్చకు వచ్చేసింది.

మద్రాసు నుంచి దక్షిణాఫ్రికాకు వెళ్ళినవాళ్ళకు ఇది అప్పటికే పాత అనుభవం. 1860లో ట్రూరో అనే ఓడలో మొదటి ఒప్పంద కూలీలు నేటాల్‌లో దిగారు. 1897 కల్లా అక్కడి తెల్లవాళ్ళు యూరప్ భాషలో దరఖాస్తు రాయగలిగినవాడికే ప్రవేశం అని చట్టం చేశారు. భారతీయుడు అన్న మాట చట్టంలో ఎక్కడా లేదు, ఆగింది మాత్రం భారతీయుడే. రంగూన్‌లో ఆ ముసుగు కూడా అవసరం పడలేదు.

మళ్ళీ 1930కి వద్దాం. మే అల్లర్ల వేడిలోనే బా తౌంగ్ అనే యువకుడి చొరవతో దొబామా అసియయోన్ పుట్టింది. మనమే బర్మీయులం అని దాని అర్థం. బర్మా మన దేశం, బర్మా భాష మన భాష, దాన్ని గౌరవించండి అన్నది వాళ్ళ పిలుపు. పేరుకు ముందు తఖిన్, అంటే దొర, అని పెట్టుకున్నారు. దొరలం మేమే అని ఇంగ్లీషువాడి ముఖాన చెప్పడానికి. ఆంగ్ సాన్, ఊ ను లాంటి బర్మా నాయకులు తర్వాత ఈ గూటి నుంచే వచ్చారు. వాళ్ళ జాతీయోద్యమాన్ని నేను గౌరవిస్తాను. గాంధీ వెనక నడిచిన గోదావరి జిల్లాల జనానికి అది పరాయిగా అనిపించే విషయం కాదు. అయితే ఆ ఉద్యమానికి అంకురార్పణ జరిగింది తెలుగు కూలీల నెత్తుటి మరకలు ఆరకముందే అన్నది కూడా నిజం. రెండూ పక్కపక్కన పెట్టుకునే చదవాలి.

అదే సమయానికి ఆర్థిక మాంద్యం మీదపడింది. ధాన్యం ధర సగానికి పడిపోయింది. అప్పు తీర్చలేని బర్మా రైతు పొలం తమిళనాడు నుంచి వచ్చిన చెట్టియార్ వడ్డీ వ్యాపారుల చేతిలోకి పోయింది. దిగువ బర్మాలో 13 ముఖ్య వరి జిల్లాల సాగుభూమిలో 1930లో ఆరు శాతం చెట్టియార్లది. 1938కి అది పావు వంతు అయింది. వాళ్ళేమీ దొంగతనం చెయ్యలేదు, తనఖా రాయించుకున్న కాగితం ప్రకారం కోర్టుకెళ్ళి తీసుకున్నారు. కానీ తాతలనాటి మడి పోయిన రైతుకు ఆ కాగితం వినపడదు. అతనికి కనపడేది ఒకటే: వచ్చినవాడు భూమి కూడా తీసుకున్నాడు. చెట్టియార్ ఎవరు, కోరంగివాడు అనే తెలుగు కూలీ ఎవరు అన్న తేడా కోపంలో నిలవలేదు. బ్యాంకు ఖాతా ఉన్నవాడి మీద పుట్టిన పగ, చేతిలో చిల్లిగవ్వ లేని రిక్షావాడి మీద తీరింది.

ఈ మాంద్యం రోజుల్లోనే మన డెల్టాలో జరిగిన ఒక సంగతి రంగం కథ చెప్పేవాళ్ళు సాధారణంగా వదిలేస్తారు. గోదావరి, కృష్ణా రైతులు కూడా అప్పుడు ధర పడిపోయి కుదేలయ్యారు. మద్రాసు రాష్ట్రపు బజారులోకి బర్మా బియ్యం, సయాం నూకలు చౌకగా దిగుతున్నాయి, వాటి వల్లే మా ధాన్యం కొనేవాడు లేడు, దిగుమతి ఆపండి, సుంకం వెయ్యండి అని డెల్టా రైతులు ఆందోళన చేశారు. 1935లో విదేశీ నూకల మీద భారత ప్రభుత్వం సుంకం వేసింది. బర్మా బియ్యం మీద వెయ్యలేకపోయింది, అది ఇంకా ఇండియాలో భాగమే కనుక. అంటే ఒకే కాలంలో, సముద్రానికి ఇటు ఒడ్డున అటునుంచి వచ్చే గింజకు గేటు పెట్టమన్నారు. అటు ఒడ్డున ఇటునుంచి వచ్చే మనిషికి గేటు పెట్టమన్నారు. బర్మావాడి భయాన్ని దురహంకారం అని కొట్టిపారేసే తెలుగువాళ్ళు ఈ డెల్టా రైతు ఆందోళనను కూడా అదే తక్కెడలో తూచాలి. నా దృష్టిలో రెండూ చౌక దెబ్బ తిన్నవాళ్ళ అరుపులే. చౌకతో లాభపడినవాళ్ళు రెండు చోట్లా ఒకే జాతివాళ్ళు: మిల్లులవాళ్ళు, ఓడలవాళ్ళు, ఎగుమతి కంపెనీలవాళ్ళు. వాళ్ళ మీద ఎవరూ కర్ర ఎత్తలేదు.

1937 ఏప్రిల్ 1న బర్మా ఇండియా నుంచి విడిపోయింది. కాకినాడ రేవులో ఆ రోజు బయల్దేరినవాడు రాత్రికి రాత్రి విదేశానికి వెళ్తున్నవాడయ్యాడు. చట్టప్రకారమే తప్ప ఆచరణలో తేడా వెంటనే తెలియలేదు. వలసల విషయంలో పాత పద్ధతే కనీసం మూడేళ్ళు నడవాలని లండన్ నుంచి ఉత్తర్వు వచ్చింది. బర్మా రాజకీయ నాయకులకు ఇది పుండు మీద కారం. స్వపరిపాలన వచ్చిందంటారు, సొంత రేవు తలుపు మూసుకునే అధికారం మాత్రం లేదంటారు.

ఆ గాయం మళ్ళీ 1938 జూలైలో పగిలింది. ఈసారి కారణం మతం. మౌంగ్ ష్వే హ్పీ అనే ముస్లిం రచయిత బుద్ధుణ్ణి కించపరిచాడన్న పుస్తకం ఒకటి పాతదే, కొత్తగా బయటికి తీశారు. జూలై 26న ష్వేడగోన్ పగోడా దగ్గర పెద్ద సభ జరిగింది. సభ నుంచి బయల్దేరిన ఊరేగింపు బజారులోకి వచ్చేసరికి అల్లర్లయ్యాయి. ఈసారి ప్రధానంగా దెబ్బ తిన్నది ముస్లింలు, కానీ భారతీయుడు అన్న ప్రతివాడికీ ప్రమాదమే. రెండు వందల మంది దాకా చనిపోయారు. న్యాయమూర్తి బ్రౌండ్ అధ్యక్షతన విచారణ సంఘం వేశారు. పుస్తకం సాకు మాత్రమేనని, వెనక వలసల భయం, భూమి, బర్మా స్త్రీలు భారతీయులను పెళ్ళాడటం మీద ఉన్న కోపం ఉన్నాయని ఆ సంఘం తేల్చింది. పత్రికల పాత్రను గట్టిగా తప్పుపట్టింది. మరుసటి ఏడు, 1939లో, బౌద్ధ స్త్రీల వివాహ, వారసత్వ హక్కుల చట్టం వచ్చింది.

రేవుకు తలుపు కావాలన్న ఈ రాజకీయాన్ని అందరికన్నా బాగా వాడుకున్నవాడు ఊ సా. పేదింటి నుంచి వచ్చినవాడు కాదు, భూస్వామి కొడుకు. సయా సాన్ నడిపిన రైతు తిరుగుబాటు కేసుల్లో వాదించి పేరు తెచ్చుకున్నాడు. తూరియ అనే పత్రిక కొన్నాడు. 1938లో మ్యోచిత్ పార్టీ, అంటే దేశభక్తుల పార్టీ, పెట్టాడు. గరుడుడి పేరు మీద యూనిఫాం వేసుకున్న సొంత దళం నడిపాడు. తఖిన్ యువకుల సోషలిజం అతనికి గిట్టదు. ఇంగ్లీషువాడితో పేచీ పెట్టుకుంటూనే పదవికి దారి వేసుకున్న మితవాద జాతీయవాది. దేశం, మతం, భూమి, ఆడవాళ్ళ గౌరవం అన్న నాలుగు మాటలను ఒకే తాటిన కట్టి, వలస ఆపడమే వాటన్నిటికీ మందు అని ఓటరుకు చెప్పగలిగాడు. 1940 సెప్టెంబరులో ప్రధానమంత్రి అయ్యాడు.

ఇక్కడే ఈ కథలో నాకు బాగా నచ్చిన మనిషి కనపడతాడు. జేమ్స్ బాక్స్టర్ అనే ఆర్థిక సలహాదారు. భారతీయుల వలస వల్ల బర్మావాళ్ళ పనులు పోతున్నాయా లేదా తేల్చమని 1939లో అతన్ని నియమించారు. ఊళ్ళో అంతా తేలిపోయిన విషయమే అనుకున్న ప్రశ్నను అతను లెక్కలతో మొదటి నుంచి చూశాడు. మిల్లుల జాబితాలు తీశాడు, రేవు లెక్కలు తీశాడు, ఏటా వచ్చినవాళ్ళెందరు, పోయినవాళ్ళెందరు లెక్కగట్టాడు. తేలింది ఇది: రాకపోకలు భారీగా ఉన్నా, నిలిచిపోయేవాళ్ళు అందరూ అనుకునేటంత మంది కాదు. మాంద్యం మొదటి ఏళ్ళలో వచ్చినవాళ్ళ కంటే వెళ్ళినవాళ్ళే ఎక్కువ. భారతీయ కూలీ బర్మా కూలీ పనిని పెద్ద ఎత్తున లాక్కున్నాడనడానికి ఆధారం లేదు. భారతీయ కూలీ చేసిన పనిలో ఎక్కువ భాగం అప్పటిదాకా బర్మావాడు చెయ్యడానికి ముందుకు రానిది. అయితే కాలం మారింది, పొలం పోయిన బర్మావాళ్ళు రేవు పనికి వస్తున్నారు, కాబట్టి ఇక ముందు రాకపోకలకు పద్ధతి ఉండాలి, రెండు ప్రభుత్వాలూ కూర్చుని ఒప్పందం చేసుకోవాలి, అక్కడే పుట్టి పెరిగినవాళ్ళ హక్కులకు భంగం రాకూడదు అన్నాడు.

భయాన్ని వెక్కిరించకుండా, భయానికి లొంగకుండా రాసిన నివేదిక అది. అలాంటి నివేదికలకు పట్టే గతే దానికీ పట్టింది. బర్మావాళ్ళు అందులో నియంత్రణ ఉండాలన్న ముక్క తీసుకున్నారు, పని లాక్కోలేదన్న ముక్క వదిలేశారు. ఇండియాలో దీనికి సరిగ్గా తలకిందులుగా చదివారు.

1941 జూన్ 28న ఇండో బర్మా వలస ఒప్పందం కుదిరింది. మన తరఫున వెళ్ళిన బృందానికి నాయకుడు సర్ గిరిజా శంకర్ బాజ్‌పాయ్, అటువైపు ఊ సా. జూలైలోనే చేతిపని రాని కూలీల రాక ఆగిపోయింది. అక్టోబరు 1 నుంచి మిగతా నిబంధనలు. ఇకపై ఇండియా నుంచి వచ్చే ప్రతివాడికీ పాస్‌పోర్టూ వీసా కావాలి, లేదా పర్మిట్ కావాలి. పర్మిట్లలో రకాలు. ఎంతకాలమైనా ఉండటానికి వీలున్న 'ఏ' పర్మిట్‌కు 500 రూపాయలు. కొంతకాలానికి పనిమీద వచ్చేవాడికి 'బీ' పర్మిట్, దానికి తక్కువ రుసుము, పైగా ఏటా కట్టాల్సిన నివాస రుసుము. బర్మా స్త్రీని పెళ్ళాడినా, కాపురం పెట్టినా పర్మిట్ రద్దు చేసే షరతు పెట్టే వీలు కూడా ప్రభుత్వానికి ఇచ్చారు.

500 రూపాయలంటే ఎంతో 1930 నాటి రేవు కూలితో లెక్కేసుకోండి. రూపాయి పన్నెండు అణాల చొప్పున ఒక్క రోజు నాగా లేకుండా, ఒక్క పైసా తినకుండా దాస్తే తొమ్మిది నెలల పైన. మేస్త్రీ కోత లెక్కలోకి తీసుకోలేదు. కోనసీమ నుంచి ఓడెక్కే కూలీకి ఆ తలుపు మూసేసినట్టే. చెట్టియార్‌కు మూసినట్టు కాదు. భూమిని తీసుకున్నవాడు కట్టగలిగిన ధర అది, మట్టి మోసినవాడు కట్టలేనిది. వలస ఆపాలన్న ఉద్యమం ఎవరి మీద కోపంతో మొదలైందో, ఎవరిని ఆపి ముగిసిందో ఈ ఒక్క అంకెలో ఉంది.

ఒప్పందం వివరాలు బయటికొచ్చాక ఇండియాలో గగ్గోలు పుట్టింది. గాంధీ ఆగస్టులో గట్టి ప్రకటన చేసి తప్పుపట్టారు. 1929లో బర్మా వెళ్ళినప్పుడు అక్కడి భారతీయులకు, మీరు ఈ దేశంతో కలిసిపోండి, దోచుకోవద్దు అనే ధోరణిలో బుద్ధులు చెప్పిన మనిషే ఈయన. అందుకే ఆయన మాటకు రెండు వైపులా విలువ ఉంది. బర్మాకు తలుపు పెట్టుకునే హక్కు లేదని ఆయన అనలేదు. అప్పటికే అక్కడ బతుకుతున్నవాళ్ళను నేరస్తుల్లా చూడటం, పెళ్ళి మీద శిక్ష పెట్టడం తగదన్నారు. శాసనసభలోనూ పత్రికల్లోనూ విమర్శ జోరుగా సాగింది.

తలుపు దగ్గర పట్టుబడేవాడి కథ ఇప్పటికీ ముగియలేదు. మన కాలంలో డెట్రాయిట్ దగ్గర ఫార్మింగ్టన్ యూనివర్సిటీ పేరుతో అమెరికా అధికారులే ఉత్తుత్తి విశ్వవిద్యాలయం తెరిచి, 2019 జనవరిలో నూరు మందికి పైగా విద్యార్థులను పట్టుకున్నప్పుడు వాళ్ళలో ఎక్కువమంది తెలుగువాళ్ళు. అప్పుడు తెలుగు టీవీల్లో చర్చ అంతా ఆ పిల్లలది తప్పా, దళారులది తప్పా అన్న దాని చుట్టూనే తిరిగింది. చట్టం తెలిసి తప్పుచేసినవాళ్ళు వాళ్ళలో ఉండొచ్చు. కానీ రంగం మేస్త్రీ బయానా నుంచి అమెరికా కన్సల్టెన్సీ ఫీజు దాకా నడుమ మనిషి ఎప్పుడూ రేవు దగ్గరే ఆగిపోతాడు, పట్టుబడేది దాటినవాడే. ఈ మాట నేను ఎవరినీ వెనకేసుకు రావడానికి రాయడం లేదు. గోదావరి జిల్లాల నుంచి ఇప్పటికీ ఏటా బయల్దేరుతున్నవాళ్ళ కోసం రాస్తున్నాను.

1941 ఒప్పందం నడిచి ఉంటే ఏమై ఉండేదో చెప్పే వ్యవధి చరిత్ర ఇవ్వలేదు. అక్టోబరులో అమల్లోకి వచ్చింది. డిసెంబరు 23న జపాన్ విమానాలు రంగూన్ మీద బాంబులు వేశాయి. రేవులో పనిచేస్తున్న భారతీయ కూలీలు వందల్లో చనిపోయారు. 1942 మార్చి 8న రంగూన్ జపాన్ వశమైంది. ఏప్రిల్ 6న ఆ బాంబులే విశాఖ మీదా కాకినాడ మీదా పడ్డాయి. నాలుగు లక్షలకు పైగా భారతీయులు కొండలూ అడవులూ దాటి కాలినడకన ఇండియా చేరారు, దారిలో వేలమంది రాలిపోయారు. ఊ సా సంగతి కూడా చెప్పేస్తాను: జపాన్‌తో సంబంధం పెట్టుకున్నాడని 1942 జనవరిలో ఇంగ్లీషువాళ్ళు పట్టుకుని ఉగాండాకు పంపారు. తిరిగొచ్చాక 1947 జూలై 19న ఆంగ్ సాన్‌ను చంపించిన కేసులో దోషిగా తేలి 1948లో ఉరికంబం ఎక్కాడు.

కానీ అతను బిగించిన గొళ్ళెం ఊడిపోలేదు. యుద్ధం ముగిశాక, కాలినడకన పారిపోయి వచ్చిన తెలుగువాళ్ళు తిరిగి వెళ్ళాలనుకున్నారు. ఇల్లు అక్కడ, సామాను అక్కడ, రావాల్సిన బాకీలు అక్కడ, కొందరికి పెళ్ళాం పిల్లలు అక్కడ. 1947 జూన్‌లో, ఇంకా స్వతంత్రం రాకముందే, బర్మా ప్రభుత్వం అత్యవసర వలస చట్టం చేసింది. పాస్‌పోర్టు, వీసా లేదా పర్మిట్ లేకుండా అడుగుపెట్టినవాడు అక్రమంగా వచ్చినవాడు. బాంబుల కింద నుంచి పరుగెత్తిన కళాసీ దగ్గర ఏ కాగితాలుంటాయి? ముప్పై ఏళ్ళు రంగంలో బతికినవాడు, 1937 దాకా సొంత దేశంలోనే ఉన్నవాడు, అయిదేళ్ళ ఎడబాటు తర్వాత అదే రేవులో దిగితే చొరబాటుదారు అయ్యాడు. అతను ఏ సరిహద్దూ దొంగతనంగా దాటలేదు, సరిహద్దే అతన్ని దాటి ఇవతలికి వచ్చింది.

ఆ తర్వాత వరసగా: 1948లో పౌరసత్వ చట్టం, అదే ఏడు భూముల జాతీయీకరణ, 1962 మార్చి 2న నె విన్ సైనిక పాలన, 1964లో దుకాణాల స్వాధీనం, ఆ మే 17న 50, 100 చాట్ నోట్ల రద్దు, లక్షలమంది ఓడల్లో తిరుగు ప్రయాణం, విశాఖ కంచరపాలెం దగ్గర బర్మా క్యాంపు. 1982 పౌరసత్వ చట్టం ఇంకా వెనక్కి వెళ్ళి, మొదటి ఇంగ్లీషు యుద్ధానికి ముందు ఏడాది 1823ను గీతగా పెట్టింది. ఆ గీతకు అటు ఉన్న జాతులవే మూలాలు, ఇటు వచ్చినవాళ్ళు ఎన్ని తరాలైనా నిరూపించుకోవాల్సినవాళ్ళు. ఆ దశ మొత్తానికి విడిగా రెండు భాగాలు కావాలి. అంతకు ముందు వచ్చే వారం 1942 నడక సంగతి: తౌంగప్ కనుమ మీదుగా అక్యాబ్‌కూ, తమూ మీదుగా ఇంఫాల్‌కూ నడిచిన గోదావరి జిల్లాల మనుషులకు ఏ దారి దొరికింది, తెల్లవాళ్ళకు ఏ దారి వదిలారు అన్నది.